బావ కొట్టేదాకా నిలబడాలా?

ప్రశ్న: మాది హన్మకొండ. నేను, మా బావగారు, ఇంకో ఇద్దరు స్నేహితులం నెలకు రెండు ఆదివారాలు హైదరాబాద్ వెళ్లి గోల్ఫ్ ఆడతాం. మాకు దగ్గర్లో పద్దెనిమిది హోల్స్ కోర్సు లేక తెల్లవారుజామున మూడింటికే కారులో బయలుదేరతాం. ఈ ఆట నాకు నేర్పింది బావగారే. ఆయనకు 64 ఏళ్లు, నాకు 49. ఆటంటే ఆయనకు ప్రాణం, కానీ బాగా నెమ్మది. కొట్టే ముందు నాలుగైదు సార్లు గాల్లో ఊపి చూసుకుంటారు. బాల్ పోతే పొదలన్నీ వెతుకుతారు. ఎన్ని షాట్లయినా సరే, హోల్లో పడేదాకా వదలరు. ‘దూరంగా ఉన్నవాడే ముందు కొట్టాలి, అదే పద్ధతి’ అంటారు. పెద్దాయన కాబట్టి ఆయన కొట్టేదాకా మేం ముగ్గురం పక్కనే నిలబడి, ఆ తర్వాతే మా బాల్స్ దగ్గరికి వెళ్తాం. రౌండు పూర్తయ్యేసరికి ఐదున్నర గంటలవుతోంది. కిందటిసారి పదకొండో హోల్ దగ్గర వెనక గ్రూపు వాళ్లు కొట్టిన బాల్ మాకు పది గజాల దూరంలో పడింది. గొడవైంది. వాళ్లలో ఒక కుర్రాడు ‘అంకుల్, ఆడటం రాకపోతే రేంజిలో నేర్చుకుని రండి’ అన్నాడు. బావగారు బాగా నొచ్చుకున్నారు. తిరుగు ప్రయాణంలో జనగామ దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. తప్పు మాదా, వాళ్లదా? బావగారికి ఎలా చెప్పాలి? ఇంటి అల్లుడు, పైగా పెద్దవాడు. ఏమన్నా అంటే అక్క బాధపడుతుందేమోనని కూడా టెన్షన్‌గా ఉంది. అసలు ఆదివారాలు మానేస్తే మంచిదా?
— ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ముందు ఆ బాల్ సంగతి తేల్చుకుందాం. మీరు ఎంత నెమ్మదిగా ఆడినా సరే, మనుషులు అందే దూరంలో ఉండగా బాల్ కొట్టే హక్కు ఎవరికీ లేదు. గోల్ఫ్ బాల్ బరువు 46 గ్రాములు కూడా ఉండదు, కానీ డ్రైవర్ అనే పొడుగు క్లబ్‌తో (బాల్ కొట్టే కర్రతో) గట్టిగా కొడితే గంటకు 200 కిలోమీటర్ల వేగం దాటి పోతుంది. కంటికో కణతకో తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. అంచనా తప్పి కొట్టారనే అనుకుందాం. అప్పుడు ‘ఫోర్!’ (బాల్ వస్తోంది, జాగ్రత్త) అని గట్టిగా అరవాలి. మీరు రాసిన దాన్ని బట్టి ఆ అరుపు కూడా లేదు. ఇంకెప్పుడైనా ఇలా జరిగితే అక్కడికక్కడ మాటకు మాట అనకండి. ఏ హోల్ దగ్గర, ఎన్ని గంటలకు జరిగిందో గుర్తుపెట్టుకుని కోర్సు మీద తిరిగే మార్షల్‌కో, టీ (హోల్‌లో మొదటి షాట్ కొట్టే చోటు) దగ్గరుండే స్టార్టర్‌కో చెప్పండి. చర్య తీసుకోవాల్సింది వాళ్లు. ఇంకో మాట కూడా మీ నలుగురికీ చెబుతున్నాను. ‘ఫోర్’ అని వినపడితే వెనక్కి తిరిగి చూడకండి. వంగి, రెండు చేతులతో తల కప్పుకోండి. చాలామంది ఎక్కడి నుంచి అరిచారా అని తలెత్తి చూస్తారు, ముఖానికి తగిలేది అప్పుడే.

వాళ్ల తప్పు వాళ్లది. దానితో మీ తప్పు మాఫీ కాదు. ఐదున్నర గంటలు చాలా ఎక్కువ.

నలుగురు కలిసి పద్దెనిమిది హోల్స్ ఆడటానికి నాలుగు నుంచి నాలుగున్నర గంటలు పట్టడం మామూలు. నాలుగున్నర గంటలంటే హోల్‌కు పావుగంట. మీకు పద్దెనిమిది నిమిషాలు దాటుతోంది. మూడు నిమిషాలే కదా అనిపిస్తుంది. కానీ మీ వెనక ఎనిమిది, పది నిమిషాలకొక గ్రూపు బయలుదేరుతూనే ఉంటుంది. ఆ తేడా ప్రతి హోల్‌కూ పెరుగుతూ పోయి, పదకొండో హోల్ దగ్గరికి వచ్చేసరికి మీ వెనక ఒకటి కాదు, రెండు మూడు గ్రూపులు ఎండలో నిలబడి ఉంటాయి. పార్ 3 హోల్స్ (మూడు షాట్లలో ముగించాల్సిన పొట్టి హోల్స్) దగ్గర ఇది ఇంకా ముదురుతుంది. పార్ 4, పార్ 5లో ముందు గ్రూపు కాస్త దూరం వెళ్లగానే వెనకవాళ్లు కొట్టుకోవచ్చు. పార్ 3లో మాత్రం ముందువాళ్లు గ్రీన్ (గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) ఖాళీ చేసేదాకా వెనకవాళ్లు టీ దగ్గర కదలడానికి లేదు.

మీరు వేగంగా ఉన్నారో లేదో తెలుసుకోవడానికి వెనక్కి చూడకండి, ముందుకు చూడండి. మీరు టీ దగ్గరికి వచ్చేసరికి ముందు గ్రూపు అదే హోల్ మీద కనపడుతుంటే మీరు సరిగ్గా ఉన్నట్టు. వాళ్లు ఆ హోల్ ముగించి వెళ్లిపోయి మీ ముందు హోల్ మొత్తం ఖాళీగా ఉంటే మీరు వెనకబడ్డట్టు. వెనకవాళ్లు మిమ్మల్ని తరుముతున్నట్టు లేదు కాబట్టి బాగానే ఆడుతున్నాం అనుకోవడం పొరపాటు. వాళ్లూ మీలాగే నెమ్మదిగా ఆడుతూ ఉండొచ్చు.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం ఒకటుంది. బావగారి ఊపుళ్ల గురించీ, పొదల గురించీ రాసినది కాదు. ‘ఆయన కొట్టేదాకా మేం ముగ్గురం పక్కనే నిలబడతాం’ అన్నది. మీరు దాన్ని మర్యాదగా రాశారు. నాకు మాత్రం మీ గంట ఆలస్యంలో పెద్ద భాగం అక్కడే కనపడింది.

ఒక పార్ 4 హోల్ తీసుకోండి. నలుగురూ టీ నుంచి కొట్టారు. బావగారి బాల్ ఎడమవైపు, కొంచెం వెనక. మీది కుడివైపు, ఆయనకంటే ముప్పై గజాలు ముందు. స్నేహితులిద్దరివి ఇంకా ముందు. మీ పద్ధతిలో నలుగురూ ఎడమవైపు నడుస్తారు. ఆయన దూరం చూసుకుని, కేడీని (బ్యాగు మోసే సహాయకుణ్ని) అడిగి, క్లబ్ తీసి, నాలుగు సార్లు ఊపి కొట్టేసరికి నిమిషం. అప్పుడు మీరు కుడివైపు మీ బాల్ దగ్గరికి వెళ్లి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతారు: దూరం, గాలి, క్లబ్, ఊపు. ఇంకో నిమిషం. తర్వాత మూడో ఆయన, నాలుగో ఆయన. ఒక్కొక్కరూ ఒక్కో షాట్ కొట్టేసరికి నాలుగు నిమిషాలు, నడక కాకుండానే. ఇలాంటివి హోల్‌కు రెండు మూడు విడతలు, ఆ పైన గ్రీన్ మీద పట్టింగ్ (బాల్‌ను దొర్లించి హోల్లో వేయడం). ఇప్పుడు అదే హోల్‌లో ఎవరి బాల్ దగ్గరికి వాళ్లు నేరుగా వెళ్లారనుకోండి. ఆయన క్లబ్ ఎంచుకునే నిమిషంలోనే మీరు ముగ్గురూ మీ దూరాలు చూసుకుని, క్లబ్బులు తీసి పట్టుకుని ఉంటారు. ఆయన బాల్ నేలకు దిగేలోపు మీరు నిలబడి కొట్టేస్తారు. బావగారు ఒక్క సెకను కూడా తొందరపడలేదు, అయినా విడతకు రెండు నిమిషాల పైనే మిగిలింది. చూసుకోవాల్సింది ఒక్కటే: కొట్టేవాళ్లకంటే ముందుకు వెళ్లినప్పుడు బాల్ వెళ్లే దారికి బాగా పక్కగా ఉండాలి, కన్ను వాళ్ల మీదే ఉండాలి.

కాబట్టి నెమ్మది మనిషి బావగారు ఒక్కరే కాదు, మీరు నలుగురూ. ఆయనతో మాట్లాడబోయే ముందు ఈ మాట మీ మనసుకు నిజంగా పట్టాలి. పట్టకుండా వెళితే మాట తీరులో తెలిసిపోతుంది.

లెక్క కావాలంటే చూడండి. మీ స్థాయి ఆటగాళ్లు ఒక్కొక్కరు సుమారు 95 షాట్లు కొడతారనుకుంటే నలుగురికీ కలిపి 380. షాట్‌కు పది సెకన్లు తగ్గినా 3800 సెకన్లు, అంటే గంటకు పైనే. నడక పెంచి మాత్రం ఇంత మిగల్చలేరు. ఒక రౌండులో ఎనిమిది కిలోమీటర్లు నడుస్తారనుకోండి. గంటకు నాలుగు కిలోమీటర్ల చొప్పున నడిస్తే రెండు గంటలు, ఐదు చొప్పున నడిస్తే గంటా ముప్పై ఆరు నిమిషాలు. అందుకని 64 ఏళ్ల మనిషిని పరుగెత్తించొద్దు. ఆయన నడక ఆయన్ని నడవనివ్వండి.

‘దూరంగా ఉన్నవాడే ముందు’ అన్న మాటలో బావగారిది మొండితనం కాదు. అది చాలా పాత నియమం. ఎడిన్‌బరో పక్కన లీత్‌లో 1744లో రాసుకున్న 13 నియమాల్లో పన్నెండోది అదే. ఇవాళ గోల్ఫ్ నియమాలు రాసే రెండు సంస్థలు, సెయింట్ ఆండ్రూస్‌లోని ఆర్ అండ్ ఏ, అమెరికాలోని యూఎస్‌జీఏ, 2019 జనవరి 1 నుంచి పుస్తకాన్ని బాగా మార్చాయి. మీరు ఆదివారం ఆడే స్ట్రోక్ ప్లేలో (మొత్తం షాట్లు లెక్కపెట్టే ఆటలో), ఎవరు సిద్ధంగా ఉంటే వాళ్లు కొట్టడాన్ని అందులో నేరుగా ప్రోత్సహించారు. రెడీ గోల్ఫ్ అంటున్నది దీన్నే. ముందు కొట్టినందుకు పెనాల్టీ లేదు, ఎవరికో లాభం చేయాలని కూడబలుక్కుంటే తప్ప. ఒకరితో ఒకరు తలపడే మ్యాచ్ ప్లేలో మాత్రం పాత వరుస ఇంకా ఉంది. అక్కడ వరుస తప్పి కొడితే ఆ షాట్‌ను రద్దు చేయమని ప్రత్యర్థి అడగొచ్చు. బావగారు ఆ పద్ధతిలో ఆట నేర్చుకుని ఉంటారు, ఆయనకు తెలిసింది తప్పేం కాదు. ఈ తేడా తెలుసుకుని వెళ్లండి. నియమాలంటే గౌరవం ఉన్న మనిషికి ‘త్వరగా ఆడండి’ అనడం కంటే ‘నియమం మారింది బావా’ అనడం బాగుంటుంది.

పోయిన బాల్ కోసం వెతకడానికి అప్పట్లో ఐదు నిమిషాలు ఇచ్చేవారు. అదే 2019లో మూడు నిమిషాలకు తగ్గింది. ఆటగాడో అతని కేడీయో వెతకడం మొదలుపెట్టిన క్షణం నుంచి మూడు నిమిషాలు. తర్వాత దొరికినా అది పోయిన బాలే. మంచి బాల్ ఖరీదు వందల్లో ఉంటుంది, వదలబుద్ధి కాదు, నిజమే. మీ నలుగురిలో ఒకరు ఫోన్‌లో మూడు నిమిషాలు పెట్టండి. అది మోగితే ఎవరి బాల్ అయినా సరే, వదిలేయాలి. మొదట మీ బాల్‌తోనే ఇది పాటించి చూపించండి.

అంతకంటే మంచిది టీ దగ్గరే ప్రొవిజనల్ బాల్ కొట్టడం. బాల్ పొదల్లోకో గోడ బయటికో పోయిందని అనుమానం రాగానే, ‘ప్రొవిజనల్ కొడుతున్నా’ అని పక్కవాళ్లకు వినపడేలా చెప్పి రెండోది కొట్టాలి. చెప్పకుండా కొడితే పెనాల్టీతో అదే అసలు బాల్ అయిపోతుంది. మొదటిది దొరక్కపోతే మళ్లీ టీ దాకా వెనక్కి నడిచే పని తప్పుతుంది. ఐదున్నర గంటల రౌండులో ఇలాంటి వెనక్కి నడకలు కనీసం రెండు మూడు ఉంటాయి. కొన్ని కోర్సులు ఇంకో వెసులుబాటు ఇస్తాయి. బాల్ పోయిందనుకున్న చోటికి దగ్గర్లో, ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య కత్తిరించిన గడ్డి దారి) అంచున ఇంకో బాల్ డ్రాప్ చేసి, రెండు షాట్లు పెనాల్టీ వేసుకుని ముందుకు సాగడం. టీ షాట్ పోతే అక్కడి నుంచి కొట్టేది నాలుగో షాట్ అవుతుంది. పోటీల్లో ఇది కోర్సు స్థానిక నియమంగా ప్రకటిస్తేనే చెల్లుతుంది. మీ నలుగురి మధ్య స్నేహపూర్వకంగా ఆడుకునేటప్పుడు బయలుదేరే ముందే మాట అనుకుంటే సరిపోతుంది.

హోల్లో పడేదాకా వదలకపోవడం గురించి. ఇందులో నాకు బావగారి మీద గౌరవమే ఉంది. మొదలుపెట్టింది ముగించాలన్న తత్వం ఉన్నవాళ్లే ఆటలో నిలబడతారు. కానీ పదకొండో షాట్, పన్నెండో షాట్ ఆయన హ్యాండికాప్‌కు (స్థాయిని బట్టి ఆటగాడికి దక్కే అదనపు షాట్ల లెక్కకు) కూడా పనికిరావు. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండికాప్ పద్ధతిలో ఒక హోల్‌కు లెక్కలోకి వచ్చే గరిష్ఠ స్కోరు నెట్ డబుల్ బోగీ: పార్, దానికి రెండు, ఆ పైన ఆ హోల్ మీద మీకు దక్కే అదనపు షాట్లు. బావగారికి 24 షాట్లు దక్కుతాయనుకోండి. ప్రతి హోల్‌కూ ఒకటి, అతి కష్టమైన ఆరు హోల్స్‌కు ఇంకొకటి. అంటే పార్ 4లో మామూలు హోల్ అయితే ఏడు, కష్టమైనదైతే ఎనిమిది. అక్కడికి చేరాక బాల్ చేతిలోకి తీసుకుని తర్వాతి టీకి నడవొచ్చు. ఎంత తిప్పలు పడ్డా అంతకంటే ఎక్కువ రాయరు.

ఇది ఓడిపోయి వదిలేసినట్టు అనిపిస్తే స్టేబుల్‌ఫోర్డ్ ఆడండి. ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ అనే ఇంగ్లండ్ డాక్టరు పద్ధతి ఇది, 1932లో వాలసీ క్లబ్బులో పోటీగా మొదలైంది. హ్యాండికాప్ షాట్లు తీసేశాక పార్‌కు రెండు పాయింట్లు, ఒకటి ఎక్కువైతే ఒక పాయింటు, ఒకటి తక్కువైతే మూడు. పార్ కంటే రెండు ఎక్కువైతే సున్నా, ఇక ఆ హోల్‌తో పని లేదు. ఒక హోల్ పాడైనా రౌండు పాడవదు. బాల్ తీసుకోవడం ఇక్కడ ఆటలో భాగమే, ఎవరూ ఎవరికీ చెప్పాల్సిన అవసరం రాదు. మీ గ్రూపుకు నేను సూచించే మార్పుల్లో మొదటిది ఇదే. ఇబ్బందిపెట్టే సంభాషణలు సగం దీనితోనే తప్పిపోతాయి.

గాల్లో ఊపుళ్ల విషయానికి వస్తే, షాట్‌కు నలభై సెకన్లు మించొద్దని, మామూలుగా అంతకంటే ముందే కొట్టాలని నియమాల పుస్తకం సిఫార్సు చేస్తుంది. ఒక ఊపు చాలు, మహా అయితే రెండు. దీన్ని కోర్సులో నేర్చుకోలేరు, ఇంట్లో నేర్చుకోవాలి. హాల్లో చాప మీద పట్టర్ పట్టుకుని, ఫోన్‌లో నలభై సెకన్లు పెట్టుకుని, చూడటం, ఒక ఊపు, కొట్టడం, ఇదే వరుస రోజూ కాసేపు చేయండి. ఇద్దరూ కలిసి చేస్తే ఇంకా బాగుంటుంది. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో తెల్లారగట్ల క్లబ్ ఊపుకోవడం వరకు ఫర్వాలేదు. గట్టి బాల్ మాత్రం అక్కడ ఒక్కటి కూడా కొట్టకండి, వాకింగ్‌కు వచ్చేవాళ్లు నలువైపులా ఉంటారు.

టీవీ ప్రభావం కూడా కొంత ఉంది. టోక్యో ఒలింపిక్స్‌లో మన గోల్ఫర్ అదితి అశోక్ ఒక్క షాట్ తేడాతో పతకం పోగొట్టుకుని నాలుగో స్థానంలో నిలిచినప్పుడు, గోల్ఫ్ అంటే తెలియని మన ఇళ్లలో కూడా జనం కూర్చుని చూశారు. అక్కడ ఒక్కో పట్ ముందు కూర్చుని, నిలబడి, చుట్టూ తిరిగి చూస్తారు. ఆ పట్ మీద పతకం ఉంది, వెనక టైం బుక్ చేసుకుని వచ్చిన నలుగురు లేరు. ఆదివారం ఆటకు ఆ కొలత పెట్టుకోకూడదు. గ్రీన్ మీద మీ దారి మీరు ఇంకొకరు పట్ చేస్తుండగానే చూసుకోండి, వాళ్ల దారి తొక్కకుండా, వాళ్ల మీద నీడ పడకుండా. జెండా హోల్లోనే ఉంచి పట్ చేయొచ్చు, అదీ 2019 మార్పే. బ్యాగులు తర్వాతి టీ వైపు పెట్టండి. స్కోరు అక్కడికి వెళ్లాక రాసుకోండి, గ్రీన్ మీద నిలబడి కాదు.

వీటన్నిటి మధ్య తగ్గించకూడనివి కొన్ని ఉన్నాయి. బంకర్‌లో (ఇసుక గుంటలో) అడుగులను రేక్‌తో సరిచేయడం, గ్రీన్ మీద బాల్ పడ్డ గుంటను పూడ్చడం, పెళ్ల లేచిన చోట ఇసుక పోయడం. ఇవి సెకన్ల పని. తొందర పేరుతో వీటిని వదిలేసేవాళ్లను చూస్తే నాకు నెమ్మదిగా ఆడేవాళ్ల మీద కంటే ఎక్కువ కోపం వస్తుంది. వెనక వచ్చేవాడి కాలం గురించి ఆలోచించినవాడు వాడి బాల్ పడబోయే నేల గురించి కూడా ఆలోచించాలి.

బావగారిని ముందు టీల నుంచి, అంటే గ్రీన్‌కు దగ్గరగా ఉండే టీల నుంచి, ఆడమని కూడా అడగండి. మన క్లబ్బుల్లో వాటికి ఇంకా ఆడవాళ్ల టీలన్న పేరే ఉంది, అందుకే పెద్దవాళ్లు అటు వెళ్లరు. కొట్టే దూరాన్ని బట్టి ఎంచుకోవాల్సినవి అవి, వాటికి ఆడా మగా తేడా లేదు. 64 ఏళ్ల మనిషి వెనక టీ నుంచి కొట్టి గ్రీన్ చేరడానికి నాలుగు షాట్లు తీసుకోవడం కంటే ముందు టీ నుంచి మూడింటిలో చేరితే ఆయనకూ ఆనందమే. ఒకే గ్రూపులో వేర్వేరు టీల నుంచి ఆడొచ్చు, హ్యాండికాప్ దానికి తగ్గట్టు మారుతుంది.

ఇవన్నీ చేసినా ఒక్కోసారి వెనకబడతారు. అప్పుడు వెనక గ్రూపును ముందుకు పంపేయండి. కాజీపేట దగ్గర గూడ్సును లూప్ లైన్లో ఆపి ఎక్స్‌ప్రెస్‌ను పంపుతారు, దాంతో గూడ్సు పరువేం పోదు. మీ ముందు హోల్ ఖాళీగా ఉంటే, బాల్ వెతకడం మొదలుపెట్టగానే గానీ పార్ 3 టీ దగ్గర గానీ చెయ్యి ఊపి పిలవండి. పక్కకు జరిగి, వాళ్లు అందనంత దూరం వెళ్లాక ఆడండి. ముందు కూడా గ్రూపులు కిక్కిరిసి ఉంటే పంపినా లాభం లేదు. అప్పుడు ‘ముందు ఖాళీ లేదండీ, మేమూ ఆగుతున్నాం’ అని ఒక మాట చెబితే చాలు. వెనకవాళ్లకు సగం కోపం విషయం తెలియకపోవడం వల్లే వస్తుంది.

కేడీల మాట ఎవరూ ఎత్తరు, నేను ఎత్తుతాను. చాలాచోట్ల వాళ్లకు రౌండు లెక్కన డబ్బులు. ఉదయం మీతో బయలుదేరిన కుర్రాడు పదిన్నరకు ఖాళీ అయితే అతనికి రెండో రౌండు దొరికే అవకాశం ఉంది. పన్నెండైతే ఆ రోజుకు అంతే. వెనక గ్రూపు కోపం బయటికి వినపడుతుంది. కేడీ మాత్రం ఏమీ అనడు, ‘సార్, ఇటు’ అంటూ నవ్వుతూనే ఉంటాడు.

ఇక బావగారితో మాట. కోర్సులో చెప్పకండి, కారులో మిగతా ఇద్దరి ముందు చెప్పకండి, అక్క చేత అసలే చెప్పించకండి. అక్క చెబితే అది ఇంటి గొడవవుతుంది, గోల్ఫ్ పక్కకు పోతుంది. వారం మధ్యలో ఒక సాయంత్రం వడ్డేపల్లి చెరువు కట్ట మీద ఇద్దరే నడవండి. పక్కపక్కన నడుస్తున్నప్పుడు ఎదురెదురుగా కూర్చున్నప్పటి ఇబ్బంది ఉండదు. మొదట ఆ కుర్రాడి మాట ఎత్తండి. ‘బావా, ఆ రోజు వాడన్న మాటకు నాకూ బాధైంది. అప్పుడు గట్టిగా మీ పక్కన నిలబడాల్సింది’ అనండి. ఆయన జనగామ దాకా మౌనంగా ఉండటంలో ఆ కుర్రాడి మీద కోపం ఎంతుందో, మీరు ముగ్గురూ ఏమీ అనలేదన్న బాధ కూడా అంతే ఉండొచ్చు. ఆ ముల్లు తీయకుండా రెండో మాట ఎక్కదు.

తర్వాత ఉన్నదున్నట్టు చెప్పండి. ‘మనం వెనకబడుతున్నాం బావా. నలుగురం ఒక్కచోటే నిలబడుతున్నాం, తప్పు అక్కడుంది. ఈసారి నుంచి నేను నా బాల్ దగ్గరికి నేరుగా వెళ్తా, మీరు ఏమీ అనుకోవద్దు. ఎండ ముదిరేలోపు ముగించుకుని వచ్చేద్దాం’. ఎండ సాకు కాదు. మే నెలలో పదకొండు దాటాక ఆ వయసు మనిషి మైదానంలో ఉండటం మంచిది కాదు. 2019 మార్పుల గురించి చెప్పి, కొత్త నియమాలు ఇద్దరం కలిసి చదువుదామని అడగండి. నేర్పిన మనిషి దగ్గరికి ఇంకా నేర్చుకోవడానికి వచ్చినట్టు వెళ్తే ఆయనకు చిన్నతనం అనిపించదు. అబద్ధం మాత్రం ఆడకండి. ‘మీరు బాగానే ఆడుతున్నారు, వాళ్లదే తప్పు’ అని బుజ్జగిస్తే వచ్చే ఆదివారం మళ్లీ అదే పదకొండో హోల్.

ఆయన ఒప్పుకోకపోవచ్చు. ‘డబ్బు కట్టాం, మన టైం మన ఇష్టం’ అనొచ్చు. వాదించకండి. రెడీ గోల్ఫ్ మీరు ముగ్గురూ మొదలుపెట్టండి. మీ బాల్స్ మీరు వేళకు కొట్టేస్తుంటే, ఆయన ఒక్కరే మార్చుకోకపోయినా రౌండులో ముప్పావుగంట దాకా తగ్గుతుంది. ఆ మాత్రం తేడా కళ్లతో చూశాక మనసు మారేవాళ్లే ఎక్కువ.

ఆ కుర్రాళ్లు మళ్లీ ఎదురైతే మీరే ముందు పలకరించండి. ‘ఆ రోజు మేం వెనకబడ్డాం, నిజమే. కానీ మనుషుల మీదికి కొట్టకు తమ్ముడూ’ అని రెండూ ఒకేసారి చెప్పండి. క్షమాపణ చెప్పించుకోవాలని చూడొద్దు.

ఆదివారాలు మానేయాలా అన్నారు. అక్కర్లేదు. మానేస్తే బావగారికి అర్థమయ్యేది ఒక్కటే, తనవల్లే ఆట ఆగిపోయిందని. ఒకటి రెండు నెలలు తొమ్మిది హోల్స్ చొప్పున ఆడి చూడండి. మీ ఇప్పటి వేగంతోనే రెండు గంటలా నలభై ఐదు నిమిషాల్లో అయిపోతుంది, అలవాట్లు కుదిరాక రెండుంపావుకు దిగుతుంది. తెల్లవారుజామున మూడింటికి లేచి అంత దూరం వెళ్లి తొమ్మిదితో తిరిగి రావడమా అనిపిస్తే శనివారం సాయంత్రమే వెళ్లి రాత్రి అక్కడ ఉండి, ఉదయం మొదటి స్లాట్లలో ఒకటి తీసుకోండి. మూడింటికి లేచి నిద్ర చాలక కొట్టే షాట్లు ఎవరివైనా పొదల్లోకే పోతాయి. బుక్ చేసేటప్పుడు తొమ్మిది హోల్స్‌కు ఇస్తారో లేదో, ముందు టీలు తెరిచి ఉన్నాయో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. ఆ ఫోన్ బావగారి చేత చేయించండి, మీ గ్రూపుకు పెద్ద ఆయనే కదా.